రేడియో బామ్మర్ది

సుహాసిని ఫోన్ చేసేసరికి త్రినాథ్ కొట్లో ఎవరికో ప్లాస్టిక్ పైపు కొలుస్తున్నాడు. విజయనగరంలో మేనమామ కొడుకు పెట్టిన హార్డ్‌వేర్ కొట్టు అది. ఒకప్పుడు శ్రీకాకుళం చుట్టుపక్కల పల్లెలన్నీ పనులాపుకుని విన్న గొంతు, ఇప్పుడు "అంగుళమా, ముప్పావా?" అని అడగడానికి పనికొస్తోంది. మొదట్లో దానికి సిగ్గుపడేవాడు. తర్వాత అలవాటైపోయింది.

"త్రినాథ్, నీకెవరైనా చెప్పారో లేదో. దేవేంద్ర పోయాడు" అంది సుహాసిని. "పొలంలో మోటారు వెయ్యడానికి వెళ్ళి అక్కడే కూలిపోయాడట. గుండె. నాకూ ఇవాళే తెలిసింది. రేపు దినకార్యం."

సుహాసిని వాళ్ళ రేడియోలో ప్రకటనలు రాసేది. ఇప్పుడు శ్రీకాకుళంలో ఏదో బళ్ళో పాఠాలు చెబుతోంది. పండగకో మెసేజీ తప్ప ఇద్దరికీ మాటల్లేవు. త్రినాథ్ పైపు కింద పెట్టి రంగు డబ్బాల మీద కూలబడ్డాడు.

"బావ పోనాడా?" అన్నాడు.

పైపు కొనడానికి వచ్చినాయన "అయ్యో, మీ బావగారా? చిన్న వయసేనా?" అని అడిగి, పైపు మళ్ళీ తీసుకుంటానని వెళ్ళిపోయాడు. ఆయన్ని ఆపి, నిజం బావ కాదండీ అని చెప్పబుద్ధి కాలేదు త్రినాథ్‌కి.

నిజానికి బావా కాదు, ఏమీ కాదు. త్రినాథ్‌ది గరివిడి. తండ్రి అక్కడి ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. దేవేంద్రది శ్రీకూర్మం దాటి సముద్రం వైపు వెళితే వచ్చే తోటవలస. వరి, వేరుశెనగ, కాస్త గోగు వేసుకునే ఇల్లు. కులం ఒకటి కావడం తప్ప ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. వాళ్ళని బావా బామ్మర్దుల్ని చేసింది నాగావళి ఎఫ్.ఎం.

శ్రీకాకుళంలో ఓ బట్టల కొట్టు మేడ మీద ఆ రేడియో పెట్టినప్పుడు, గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించి దాన్నే స్టూడియో అన్నారు. హైదరాబాదు నుంచి ఒకాయన దిగి, నవ్వుతూ మాట్లాడడం ఎలాగో వీళ్ళకి నేర్పాడు. శ్రీకాకుళం వాళ్ళకి నవ్వడం నేర్పాలని హైదరాబాదు వాళ్ళకి ఎందుకనిపించిందో ఆ కూర్మనాథుడికే తెలియాలి. ఆయన నేర్పినట్టే "హాయ్ ఫ్రెండ్స్" అని మొదలెట్టి, పాఠ్యపుస్తకంలోని తెలుగు మాట్లాడారు ఇద్దరూ. ఫోను మోగితే ఒట్టు. ప్రకటన ఇచ్చిన ఎరువుల కొట్టాయన మేడెక్కి వచ్చి, నా ప్రకటన మా ఇంట్లో వాళ్ళు కూడా వినలేదయ్యా అని మెట్ల మీద కూర్చున్నాడు.

ఒకరోజు పొద్దున్న పాట నడుస్తోందనుకుని, మైకు తెరిచి ఉన్న సంగతి చూసుకోకుండా త్రినాథ్ నోరు జారాడు. దేవేంద్ర మొదటి బస్సుకి వస్తూ, భార్య దానమ్మ కాల్చిన దిబ్బరొట్టె ఇంటి నుంచి తెచ్చుకునేవాడు. అది విప్పుతున్నాడు అప్పుడు.

"ఏటి బావా, మా అప్ప రెండు రొట్టెలెట్టిందంటే అందులో ఒకటి నాది కాదేటి? నువ్వొక్కడివే లాగించీడమేనా?"

ఆ వైపు కుర్రాళ్ళు పక్కవాణ్ణి బావా అనడం, వాడి ఇల్లాలిని అప్ప అనడం, అంటే అక్క అనడం, వింతేమీ కాదు. దేవేంద్ర కూడా తడుముకోలేదు.

"మీ దానప్ప నా కోసం కాల్సింది. నీకు తినాలనుంటే నువ్వూ పెల్లి సేసుకోరా బామ్మర్దీ!"

ఆ రోజు ఫోను కింద పెట్టడానికి వీల్లేకపోయింది. రొట్టె ఆఖరికి ఎవరు తిన్నారని ఆటోడ్రైవర్లు అడిగారు. టైలరు షాపుల్లోంచి అడిగారు. నరసన్నపేట నుంచి ఒక ముసలాయన చేసి, "అల్లుడూ, బామ్మర్దికి ఎట్టకుండా తింటే అరగదురా" అని తిట్టాడు. హైదరాబాదాయన మర్నాటి రైలుకి వెళ్ళిపోయాడు.

అక్కణ్ణించి ఇక వాళ్ళదే రాజ్యం. బావ పిసినారి, బామ్మర్ది తిండిపోతు. ప్రకటనలన్నీ ఆ ఇద్దరి గొడవల్లోంచే పుట్టేవి. "మా అప్పకి మిక్సీ కొన్నావేటి బావా?" అంటే మిక్సీల కొట్టు పేరు వచ్చేది. "మా అప్ప ఇల్లు ఎన్నాల్లు కారతాది బావా?" అంటే సిమెంటు కంపెనీ పేరు వచ్చేది. రేడియోలో దానమ్మకి వాళ్ళు కొనిపెట్టని వస్తువు లేదు. ఇంట్లో మాత్రం ఆవిడ రుబ్బురోలు దగ్గరే ఉండేది. జనం బస్సు డ్రైవర్ల చేతికిచ్చి పనసకాయలు పంపేవారు, వంకాయలు పంపేవారు. పెళ్ళి శుభలేఖల మీద ఇద్దరి పేర్లూ పక్కపక్కనే రాసేవారు. కలుపు తీసేచోట గట్టు మీద ఎవరిదో ఫోను పెట్టుకుని, చెవిలో పెట్టుకునే వైరుని ఏరియల్‌లా తాటిమట్టకి చుట్టి వినేవారు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు గానీ, అంత ఇష్టంగా వినేవాళ్ళు దొరికితే చెప్పేవాడే లోకువైపోతాడు. వాళ్ళిద్దరూ అలాగే ఆ జనానికి లోకువైపోయి, చాలా సంతోషంగా ఉన్నారు.

ఈ సంగతంతా తోటవలసలో దానమ్మకి ఎలా చేరిందన్నది వేరే కథ.

దానమ్మకి పుట్టిల్లు లేదు. ఊహ తెలియకముందే తల్లీ తండ్రీ పోతే చీపురుపల్లి దగ్గర పిన్ని పెంచింది. సింహాచలం కొండ మీద నలుగురి మధ్య మూడుముళ్ళూ వేయించి, ఆ ఏడే పిన్ని కూడా కన్నుమూసింది. అత్తారింట్లో ఏ మాట తేడా వచ్చినా అత్త తవిటమ్మ "పుట్టిల్లు లేనిదానికి ఇంత పొగరేటి?" అనేది. చెడ్డమనిషి కాదు, నోరు అంతే. పండక్కి ఊళ్ళో కోడళ్ళందరి పుట్టిళ్ళ నుంచీ సారెలు వస్తుంటే దానమ్మ పశువుల పాకలో పని కల్పించుకునేది.

అలాంటి దానమ్మకి ఒకరోజు పొద్దున్న పక్కింటి వాళ్ళు పరిగెత్తుకొచ్చి, "ఒసే, నీకు తమ్ముడున్నాడని సెప్పనేదేటే?" అన్నారు. ఆ చీపురుపల్లి వైపు వాడేనట, గరివిడట, గొంతు కూడా నీలాగే ఉన్నాదట. దానమ్మ అవుననలేదు, కాదనలేదు. నీళ్ళ బిందె ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అమ్మవారి పండగకి దేవేంద్ర త్రినాథ్‌ని ఊరికి తీసుకెళ్ళాడు. సందు మొదట్లోంచే జనం. దానమ్మ గుమ్మంలో చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడి ఉంది, పుట్టింటివాళ్ళు వస్తే నిలబడ్డట్టు. తవిటమ్మ అతన్ని ఎగాదిగా చూసి, "మీ అప్ప పెల్లికి రానేదేటి బాబూ?" అని అడిగింది. త్రినాథ్ రెప్ప వెయ్యకుండా "పరీచ్చలు అత్తా" అన్నాడు. మైకు ముందు అలవాటైన నోరు కదా, అబద్ధం పాటంత తేలిగ్గా వచ్చేసింది. దానమ్మ అతనివైపు చూసిన చూపు మాత్రం అతను మరిచిపోలేదు. ఆ చూపులో నవ్వూ ఉంది, ఏడుపూ ఉంది. వెళ్ళేటప్పుడు కొత్త తువ్వాలు చేతిలో పెట్టి, "మల్లీ ఎప్పుడొస్తావు తమ్ముడూ?" అంది.

ఆ తర్వాత అతను చాలాసార్లు వెళ్ళాడు. ఆ నాలుగైదేళ్ళూ తవిటమ్మ పుట్టింటి మాట ఎత్తలేదు.

రేడియోని హైదరాబాదు కంపెనీ ఒకటి కొనుక్కుంది. పాటలు కంప్యూటరే వేసుకుంటుంది, మధ్యలో మాట్లాడడానికి ఒక్క గొంతు చాలన్నారు. దేవేంద్ర యాస మరీ మొరటు, త్రినాథ్‌దైతే సానపెట్టుకోవచ్చన్నారు. త్రినాథ్‌కి అప్పుడే పెళ్ళి కుదిరింది, ఉద్యోగం చూసి ఇస్తున్న పిల్ల. అతను నోరు మెదపలేదు. దేవేంద్ర క్యారియర్ చంకలో పెట్టుకుని మెట్లు దిగుతూ "నాకు పొలమున్నాది కదరా. నువ్వు కానియ్యి" అన్నాడు.

మర్నాడు మైకు తియ్యగానే ఫోన్లు. బావ ఏడి, బావ ఏడి అని. జనాన్ని నొప్పించకుండా ఏదో ఒకటి చెప్పమంది ఆఫీసు. త్రినాథ్ "బావ ఊరెల్లాడు" అన్నాడు. ఆ మర్నాడూ అదే అన్నాడు. పోనుపోను ఆ అబద్ధానికి కాళ్ళూ చేతులూ వచ్చాయి. బావ పూరీ వెళ్ళాడు, జగన్నాథుడి ప్రసాదం ఒక్కడే తింటున్నాడు. బావ సైకిలు మీద తిరుపతి బయల్దేరాడు, ఇంకా తుని దాటలేదు. జనం పగలబడి నవ్వారు. దేవేంద్రకి ఫోన్ చెయ్యాలని రోజూ అనుకునేవాడు. ఇవాళ కాదు రేపు అనుకునేవాడు. ఏడాది తిరక్కుండానే కంపెనీకి ఆ ఒక్క గొంతు కూడా బరువైంది. ఇంకొన్నాళ్ళకి రేడియోనే మూతపడింది. అప్పుడైనా తోటవలస వెళ్ళొచ్చు. కానీ ఏ ముఖంతో వెళ్ళాలి? సిగ్గు మొదట్లో చిన్నదే. వెళ్ళని కొద్దీ అది పెరిగింది. చివరికి వెళ్ళకపోవడమే అలవాటైంది.

ఇప్పుడు వెళుతున్నాడు, పోయాక. శ్రీకాకుళంలో బస్సు మారుతూ ఒక పూలదండ కొన్నాడు. పటానికి దండ వేసి, దండం పెట్టి, దానమ్మ కనబడితే తల వంచుకుని నిలబడాలి. తిడితే పడాలి. ఒక్కసారి ఆవిడ నోట తమ్ముడూ అన్న మాట వింటే చాలు. ఆ ఒక్క మాట కోసమే అతను వెళుతున్నాడు, అది దొరుకుతుందన్న ఆశ పెద్దగా లేకపోయినా.

తోటవలసలో వీధికడ్డంగా షామియానా వేశారు. దేవేంద్ర తమ్ముడు శివాజీ గుండుతో, తడిపంచెతో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. త్రినాథ్ షామియానా అంచున ఆగిపోయాడు. ఊరిపెద్ద అప్పలసూరి, దేవేంద్రకి వరసకి బాబాయి, ముందుగా చూశాడు.

"అదిగో, బామ్మర్దొచ్చినాడు! ఒలే తవిటీ, మీ కోడలి తమ్ముడొచ్చినాడే!"

జనం రెండుగా చీలి దారిచ్చారు. తవిటమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి అతని భుజం పట్టుకుని గొల్లుమంది.

"ఇన్నాల్లకేటి బాబూ రావడం? నీ బావ నీ పేరే తలిసీవాడు బాబూ! ఎల్లిపోనాడు బాబూ!"

త్రినాథ్ కూడా ఏడ్చాడు. అందులో నటన లేదు. కానీ ఆ ఏడుపు మధ్యలోనే అతనికి అర్థమైంది, ఈ ఊరు ఇన్నేళ్ళూ అతన్ని నిజం బామ్మర్దనే అనుకుంటోంది. ఎవరూ వాళ్ళకి కాదని చెప్పలేదు. దేవేంద్ర చెప్పలేదు, దానమ్మా చెప్పలేదు.

"ఏడుపులు తరవాత. పొద్దు వాలకముందు జరగాల్సింది జరగాల" అన్నాడు అప్పలసూరి. "సీర తెచ్చినావా అబ్బాయ్?"

భర్త పోయిన ఇల్లాలు ఆ రోజు నుంచీ లోపలి గదిలోనే కూర్చోవాలి. దినకార్యం నాడు పుట్టింటివాళ్ళు వచ్చి చీర పెట్టాలి. అప్పుడే ఆమె గడప దాటుతుంది. చీర పెట్టినవాళ్ళే ఆమెని తమ ఇంటికి తీసుకెళ్ళి ఒక రాత్రి నిద్ర చేయించి పంపాలి. ఎవరూ రాకపోతే ఊరిపెద్దలే చీర పెడతారు. అది దిక్కులేనిదానికి పెట్టే చీర, ఊళ్ళో ఆ సంగతి చెప్పుకునేవాళ్ళు చెప్పుకుంటూనే ఉంటారు. ఇందాకటి వరకూ ఆ మాటే నడిచిందట. తమ్ముడిక రాడని తేల్చేశారట.

త్రినాథ్ చేతిలో పూలదండ తప్ప ఏమీ లేదు. మావా, నేను ఆమెకి ఏమీ కాను, అదంతా రేడియో కోసం ఆడిన ఆట అని చెప్పాలి. చెబితే పోయినవాడు ఊరందరి ముందూ అబద్ధాలకోరు అవుతాడు. లోపల కూర్చున్న మనిషి, తవిటమ్మ ఎదుట మళ్ళీ పుట్టిల్లు లేనిది అవుతుంది. చెప్పకపోతే, తమ్ముడనిపించుకునే యోగ్యత లేకుండానే తమ్ముడి చీర పెట్టాలి. మింగలేడు, కక్కలేడు.

"తొందర్లో మరిసిపోనాను మావా. ఇప్పుడే తెచ్చీస్తాను" అన్నాడు.

ఆటో కట్టించుకుని శ్రీకూర్మం వెళ్ళాడు. గుడి వీధిలో కూర్మయ్య అనే ఆయన బట్టల కొట్టు ఒక్కటే తెరిచి ఉంది. "ఎవరికి బాబూ?" అని అడిగాడు కూర్మయ్య. "మా అప్పకి" అన్నాడు త్రినాథ్. మైకులో ఆ మాట అని ఎన్నెన్ని కొట్ల సరుకు అమ్మిపెట్టాడో లెక్కలేదు. ఆమె కోసం తన చేత్తో ఒక్క వస్తువు కొనడం ఇదే మొదలు. సందర్భం చెప్పగానే కూర్మయ్య తెల్లవి పక్కకి తోసేసి, "ఈ రోజుల్లో అవెవరూ పెట్టడం లేదు" అని ముదురాకుపచ్చ నేతచీర ఒకటి తీశాడు. బేరం ఆడడం కూడా తోచలేదు త్రినాథ్‌కి.

లోపలి గదిలో ఆడవాళ్ళు సర్దుకుని చోటిచ్చారు. దానమ్మ గోడకి చేరబడి ఉంది. జుట్టు సగం నెరిసింది. అతన్ని చూసి ఏడవలేదు, ముఖం తిప్పుకోనూ లేదు.

"మీరు ఒక్క నిమిసం బయటుండండే. మాకు మాటలున్నాయి" అంది వాళ్ళతో. అక్కాతమ్ముళ్ళు కదా అని వాళ్ళు గడప అవతలికి వెళ్ళారు.

"అప్పా" అన్నాడు త్రినాథ్.

"నీకొక సంగతి సెప్పాల బాబూ" అంది దానమ్మ. గొంతు బాగా తగ్గించింది. "రేడియోలో నువ్వు బావ ఊరెల్లాడు, ఊరెల్లాడు అంటన్నావు. ఈయనేమో ఇక్కడ పొలంలో కనబడతన్నాడు. జనం ఊరుకుంటారేటి? అప్పలసూరి మావ అడిగీసినాడు. ఏరా, నీ బామ్మర్ది అబద్దాలాడతన్నాడేటి, మీకేటైనా గొడవా అని. అప్పుడు మీ బావ ఏటి సేసినాడో నీకు తెలుసా?"

తెలియదన్నట్టు తలూపాడు త్రినాథ్.

"లేదు బాబాయ్, ఎల్తన్నాను, ఇయ్యాలే బయల్దేరతన్నాను అన్నాడు. అనీసి, సొక్కా ఏసుకుని బస్సెక్కీసినాడు. ఆమదాలవలస టేసన్లో కూకున్నాడంట, రైల్లు సూసుకుంటా. సీకటి పడ్డాక గట్ల మీంచి వచ్చినాడు, ఎవలికీ కనబడకుండా. మర్నాడూ అంతే. కోతల దాకా అలగే ఎల్లినాడు బాబూ. పొలం శివాజీ సూసినాడు. ఎందుకయ్యా నీకీ యాతన అని నానేడిస్తే ఏటనీవోడో తెలుసా? ఆడు మైకులో అనీసినాడే, మైకులో అన్నమాట అబద్దం కాకూడదు, జనం మన మీద నమ్మకంతో ఇంటన్నారు అనీవోడు."

త్రినాథ్ నేలమీద కూర్చుండిపోయాడు. మైకులో తాను తుని దాటనివ్వకుండా ఆడించిన మనిషి, ఆ పూటల్లో స్టేషను బల్ల మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"నాకు తెల్దప్పా. ఒట్టు. నాకు తెల్దు."

"నీకు తెలవాలంటే నువ్వు రావాల కదా?"

దానమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఆయన్ని తీసీసినారని కాదు బాబూ నా బాద. ఉజ్జోగాలు పోతాయి, వస్తాయి. నాకు తమ్ముడున్నాడని ఊరంతా అనుకుంటే నానూ అనుకున్నాను. అదీ నా బుద్ది తక్కువ."

అని, గొంతు పెంచి గడప వైపు పిలిచింది. "రండే. తమ్ముడు సీరెడతన్నాడు."

త్రినాథ్ చీర ఆమె భుజాల మీద కప్పాడు. అది రెండుసార్లు జారితే మళ్ళీ సర్దాడు. ఆడవాళ్ళు ఒక్కసారిగా ఏడుపు అందుకున్నారు. దానమ్మ ఆనవాయితీ ప్రకారం అతని భుజం మీద తల పెట్టి ఏడ్చింది. అందులో ఎంత ఆనవాయితీయో, ఎంత నిజమో అతనికి తెలియలేదు. కానీ ఆవిడ తమ్ముడు అంది కదా, నలుగురి ముందైనా అంది కదా అని అతనికి ప్రాణం లేచివచ్చింది. ఆశకి సిగ్గుండదు.

భోజనాలయ్యాక అప్పలసూరి అన్నాడు, "సరే, మీ అప్పని తీసుకెల్లి నిద్ర సేయించి రేపు దించీ."

త్రినాథ్ పశువుల పాక పక్కకి వెళ్ళి భార్యకి ఫోన్ చేశాడు. "రేఖా, రాత్రికి మా అప్ప వస్తోంది. ముందు గదిలో మంచం ఖాళీ చెయ్యి. ఆవిడ కోసం వేరేగా బీరకాయ పప్పేసి వండు, ఉల్లి వెయ్యకు."

"నీకు అప్పేమిటి?" అంది రేఖ. పెళ్ళయి ఇన్నేళ్ళయినా, రేడియోలో బావ మాట తప్ప ఆమెకి తోటవలస సంగతేదీ తెలియదు.

"వచ్చాక అంతా చెబుతాను. బాగా చూసుకోవాలి. చాలా బాగా చూసుకోవాలి."

అతని గొంతు విని రేఖ ఇంకేమీ అడగలేదు. "తీసుకురా, నేను చూసుకుంటాను" అంది. ఆ మాటకి త్రినాథ్‌కి మళ్ళీ కళ్ళనీళ్ళొచ్చాయి. ఈ రాత్రి ఆమె తన ఇంట్లో పడుకుంటుంది. రేఖ కంచం పెడుతుంది. పొద్దున్నే కాఫీ ఇస్తుంది. వచ్చే పండక్కి సారె తీసుకుని తానే వస్తాడు. అన్నీ ఇవాళే సరైపోవు, కానీ మొదలవుతుంది.

సాయంత్రం బస్సుకి ఊరు సగం వచ్చి సాగనంపింది. తవిటమ్మ బస్సు కిటికీ పట్టుకుని, "తమ్ముడింటికి ఎల్తన్నావే అమ్మా. నాలుగు మెతుకులు తిని, కంటినిండా పడుకుని రాయే" అంది. ఒకప్పుడు పుట్టిల్లు లేదని దెప్పిన నోరే అది. దానమ్మ తలూపింది. ఆకుపచ్చ చీర కట్టుకుని, చిన్న మూట ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. త్రినాథ్ పక్క సీట్లో కూర్చున్నాడు. కండక్టరు వస్తే అతను విజయనగరం పేరెత్తబోయాడు, బస్సు శ్రీకాకుళం దాకానే కదా అని గుర్తొచ్చి రెండు శ్రీకాకుళం టిక్కెట్లు తీసుకున్నాడు.

కొంతదూరం వెళ్ళాక దానమ్మే మాట కలిపింది.

"మీ ఆడది పేరేటి?"

"రేఖ, అప్పా." ఆ అడగడమే పదివేలనుకుని అతను సీట్లో ఆమెవైపు తిరిగి కూర్చున్నాడు.

"పిల్లలో?"

"ఒక గుంట. హైమవతి. మా నాయనమ్మ పేరెట్టినాం. ఆరో క్లాసు సదువుతన్నాది. సురుకైనదే, మాటలు మాత్రం పుట్టెడు."

"నీ పోలికే" అంది. అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని చూశాడు. ఏమీ కనబడలేదు. "సొంతిల్లా?"

"అద్దెప్పా. రెండు గదులు. ముందు గదిలో మంచమున్నాది, నీకక్కడే పక్కేస్తాది. పెరట్లో జాంచెట్టున్నాది. కాయలకి కోతులొస్తాయి, ఆ బాద ఒకటి."

"రాత్రికి ఏటి వండుతాది?"

"బీరకాయ పప్పేసి వండమన్నాను. ఉల్లి లేకుండా. సారు పెడతాది. ఆవిడ సారు బాగుంటాది."

"మనిసి ఎలగుంటాది? పొడుగా, పొట్టా?"

"పొట్టే. సామనసాయ. నువ్వే సూస్తావు కదా."

దానమ్మ ఒక్కొక్క మాటా మనసులో పెట్టుకుంటున్నట్టు పెదవులు కదుపుకుంది. రేఖ, హైమవతి, ముందు గదిలో మంచం, బీరకాయ. త్రినాథ్‌కి ఎన్నాళ్ళుగానో మోస్తున్న బరువు దిగుతున్నట్టనిపించింది. ఇంకా చెప్పాడు. హైమవతికి చిన్నప్పుడు వచ్చిన జ్వరం గురించి చెప్పాడు. రేఖ కుట్టుమిషను గురించి చెప్పాడు. ఒకప్పుడు మైకు ముందు కూర్చుని ఊరందరికీ చెప్పిన మనిషి, ఇప్పుడు ఒక్క మనిషికి చెబుతూ అంతకంటే ఎక్కువ సంతోషపడ్డాడు.

బస్సు శ్రీకూర్మంలో ఆగింది. దానమ్మ మూట తీసుకుని లేచింది.

"ఇక్కడ కాదప్పా, ఇంకా శ్రీకాకుళం ఎల్లాల" అన్నాడు త్రినాథ్.

"నాను గుడికాడ సత్రంలో పడుకుంటాను. దేవుడి నీడన పడుకున్నా నిద్ర నిద్రేనంట." సీట్ల మధ్య నిలబడి వెనక్కి ఒకసారి చూసింది. "మనూరోల్లు బస్సులో ఎవలూ లేరు. ఎక్కినప్పుడే సూసినాను."

అతను లేవబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"దిగొద్దు బాబూ. రేపు పొద్దున్న బస్సుకి నానే ఊరెల్లిపోతాను. నువ్వు దించీసి పనుండి ఎల్లిపోనావని సెప్తాను. మా యత్త అన్నీ అడుగుతాది. మీ తమ్ముడి ఆడది ఎలగున్నాది, ఏటెట్టింది, ఎక్కడ పడుకున్నావు అని గుచ్చి గుచ్చి అడుగుతాది. తప్పు సెప్పకూడదు కదా, అందుకే నిన్ను అడిగీసినాను."

"అప్పా, రేఖ వండుతన్నాది..."

"నువ్వు తినీ" అంది.

ఆవిడ దిగింది. చీర కొత్తది కావడంతో కుచ్చెళ్ళు కాళ్ళకి అడ్డం పడుతుంటే ఒక చేత్తో ఎత్తిపట్టుకుని గుడి వీధి వైపు నడిచింది. వెనక్కి తిరగలేదు. కండక్టరు విజిల్ వేశాడు. త్రినాథ్ కిటికీ ఊచ పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. రేఖ పేరు అడిగింది, పిల్ల పేరు అడిగింది, మంచం ఎక్కడ వేస్తారో, రాత్రికి ఏం వండుతారో కూడా అడిగింది. ఇల్లు ఏ వీధిలో ఉందని మాత్రం ఆమె అడగలేదని, బస్సు చాలా దూరం వచ్చాక గాని అతనికి తట్టలేదు.